ఇంకో వారం ఆగాలి

పెరట్లో పొదగేసినవాళ్లు క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంటారు. కోడిగుడ్డయితే 21, బాతుగుడ్డయితే 28. ఈ లెక్క మా గోదావరి పల్లెల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. మస్కోవీ బాతు దగ్గరకొచ్చేసరికి మాత్రం బోల్తా పడతారు. దానికి 35 రోజులు కావాలి, ఒకటి రెండు అటూ ఇటూ.

మా వీధి చివరి బాబాయి నిరుడు 30వ రోజున ఒక గుడ్డు పట్టుకుని వచ్చాడు. "ఒరేయ్, అన్నీ మురిగిపోయాయిరా, గోతిలో పారేస్తున్నా" అన్నాడు. "ఆగు బాబాయ్, మురిగితే వాసన రాదూ" అంటూనే ఉన్నాను, అరుగు అంచున టప్పున కొట్టేశాడు. లోపల పిల్ల కదిలింది. ముక్కు కొసన తెల్లటి మొన, ఒంటికి అంటుకుపోయిన తడి నూగు, పొట్ట బయట ఇంకా లోపలికి పోని పచ్చసొన సంచీ. అది బతకలేదు. బాబాయి కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ఇంటికెళ్లి మిగతా గుడ్ల జోలికి పోలేదు. వారం తిరక్కుండానే అవి పగిలాయి.

ఆ వారం తేడా వెనక పెద్ద కథే ఉంది. మన చెరువుల్లో తిరిగే నాటు బాతులు, తెల్ల పెకిన్, ఖాకీ క్యాంప్‌బెల్ అన్నీ మాలార్డ్ అనే అడవి బాతు సంతానం. మస్కోవీది వేరే వంశం. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా అడవుల్లో, చెట్టు తొర్రల్లో గుడ్లు పెట్టుకునే పక్షి అది. కొలంబస్ ఓడ దిగేనాటికే అక్కడి జనం దాన్ని మచ్చిక చేసేసుకున్నారు. ఆ వాడి గోళ్లు, రాత్రయితే షెడ్డు కప్పెక్కి కూర్చునే అలవాటు అక్కడివే. మొహం నిండా ఎర్రటి కండ. మగది అరవదు, బుస కొడుతుంది. ఐదు కిలోలు తూగే మగదాని పక్కన ఆడది సగమే ఉంటుంది. పొదుగులో కూర్చుందంటే మాత్రం దాని ఓపికకు దండం పెట్టాలి. ఖాకీ క్యాంప్‌బెల్‌కు ఆ ఓపిక ఉండదు, గుడ్డు పెట్టేసి తన దారిన తను పోతుంది.

బాబాయికి ఇప్పుడు కొత్త ఆలోచన వచ్చింది: మస్కోవీ మగదాన్ని ఖాకీ పెట్టలతో కలిపితే అటు మాంసం, ఇటు గుడ్లు! మాంసం వరకూ నిజమే. ఆ సంకరానికి పుట్టేది ములార్డ్. తైవాన్‌లో దాన్ని మాంసానికి పెంచుతారు, ఫ్రాన్స్‌లో ఫోయ్ గ్రా అనే కొవ్వు కాలేయపు వంటకం ఎక్కువగా మగ ములార్డ్‌లదే. ఈ రెండు జాతులూ వాటంతటవి సరిగ్గా జతకట్టవు కాబట్టి ఆ దేశాల్లో కృత్రిమ గర్భధారణ మీదే ఆధారపడతారు. ఎంత బలంగా పెరిగినా ములార్డ్‌కు సంతానం ఉండదు. "అయితే ప్రతిసారీ మొదటినుంచీ మొదలెట్టాలా!" అని బాబాయి నిట్టూర్చాడు. అంతే మరి.

రంగుల సంగతి నాకు మరీ ఇష్టం. పక్షుల్లో ఆడా మగా తేల్చే క్రోమోజోములు మనకి తిరగేసి ఉంటాయి. మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మస్కోవీలో చాక్లెట్ రంగు జన్యువు జెడ్ మీద ఉంటుంది, పైగా నలుపు ముందు అణిగిపోయే రకం. చాక్లెట్ మగదాన్ని నల్ల పెట్టతో కలిపితే కూతుళ్లన్నీ చాక్లెట్, కొడుకులన్నీ నలుపు. పెంకు పగలగొట్టుకుని వచ్చిన రోజే గంపలో చూసి ఆడా మగా వేరు చేసుకోవచ్చు, తోక కింద నొక్కి చూడక్కర్లేదు. అటుదిటు మార్చి, కల్తీ లేని నల్ల మగదానికి చాక్లెట్ పెట్టని కట్టామో, పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. కొడుకుల్లో మాత్రం చాక్లెట్ దాగి ఉంటుంది.

జతకట్టే తీరు గురించి ఇంట్లో చదివే పత్రికలో ఎంతవరకు రాయాలో తెలియదు గానీ, ఒక్క మాట. 2009లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా బ్రెనన్ బృందం మస్కోవీ మగబాతుల్ని హైస్పీడ్ కెమెరాతో చిత్రించింది. సుమారు 20 సెంటీమీటర్ల మెలికల అంగం బయటికి రావడానికి సగటున 0.36 సెకను పట్టింది. ఆడదాని లోపలి దారి అందుకు ఎదురు దిశలో మెలి తిరిగి ఉంటుంది. బలవంతాన్ని అడ్డుకునే ఏర్పాటది. పెంచేవాళ్లకి దీంట్లో పనికొచ్చే ముక్క: అదనపు మగవాటిని వేరే కట్టేయండి. పెట్టల మెడ మీద ఈకలు ఊడి కనిపించాక చేసే పని కాదు.

రోగాల దగ్గర ఈ వేరే వంశమే దీనికి శత్రువవుతుంది. 1989లో పశ్చిమ ఫ్రాన్స్‌లో మస్కోవీ పిల్లలు గుంపులుగా చనిపోయాయి. నోరు తెరిచి ఆయాసపడటం, కాళ్లు చచ్చుబడటం, విరేచనాలు. కారణం పార్వో వైరస్. పక్కనే పెకిన్ పిల్లలుంటే వాటికేమీ కాదు. బతికిన మస్కోవీలు ఎదగక గిడసబారిపోతాయి. రియో వైరస్ వస్తే కాలేయం మీద తెల్లటి చుక్కలు తేలతాయి. 1923లో నెదర్లాండ్స్‌లో మొదట కనిపించిన బాతు ప్లేగు ఏ బాతునీ వదలదు, మస్కోవీని అసలు వదలదు. రోగం పట్టిన బాతు వెలుతురు చూడలేక కళ్లు మూసుకుని ఓ మూల నక్కుతుంది. ఆ వైరస్‌ను పట్టుకోవాలంటే ప్రయోగశాలల్లో వాడేది కూడా పొదుగులో ఉన్న మస్కోవీ గుడ్లనే. లొంగిపోయే గుణమే అక్కడ పనిముట్టు.

బర్డ్ ఫ్లూ విషయంలో బాతులు కోళ్లకంటే నయం. వైరస్ చొరబడగానే పసిగట్టే రిగ్-ఐ అనే జన్యువు బాతుల్లో ఉంది, కోళ్లలో లేదని 2010లో తేలింది. అయినా హెచ్5ఎన్1 సోకితే పెకిన్‌లకంటే మస్కోవీలే తేలిగ్గా పడిపోతాయి. మందులషాపులో 'బాతులకు' అని ఒకే సలహా అన్నిటికీ చెబుతుంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. ఫ్రాన్స్ 2023 అక్టోబరులో బాతులకు టీకాలు మొదలుపెట్టింది. వెంటనే అమెరికా అక్కడి కోళ్లు, బాతుల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది.

మన పెరళ్లకు అంత రాజకీయం లేదు. సంతలో కొన్న పిల్లల్ని నేరుగా గుంపులో కలపకుండా మూడు వారాలు వేరే ఉంచితే చాలా గండాలు తప్పుతాయి. మేత గిన్నే కాదు, నీళ్ల తొట్టీ వేరే ఉండాలి. అందరి బాతులూ దిగే చెరువైతే ఈ జాగ్రత్త సగమే పనిచేస్తుంది. మా ఊరి చెరువు అందరిదీ.