పనిని క్యూలో వేస్తే సరిపోతుందా? బుల్‌ఎమ్‌క్యూపై ఒక పరిశీలన

నోడ్.జేఎస్‌లో మీరు రాసే జావాస్క్రిప్ట్ ప్రధానంగా ఒకే థ్రెడ్‌పై నడుస్తుంది. ఫీజు కట్టిన విద్యార్థికి పీడీఎఫ్ రసీదు తయారుచేసి మెయిల్ పంపే పనిని ఆ రిక్వెస్ట్‌లోనే ముగించాలని చూస్తే అతడు తెర ముందు కాచుకొని ఉండాలి. లెక్కల భారం ఎక్కువైతే మిగిలినవారి రిక్వెస్టులు కూడా ఆగిపోతాయి. అందుకే పనిని క్యూలో ఉంచి, వెంటనే జవాబిచ్చి, మరో వర్కర్ ప్రాసెస్ చేత చేయించడం మంచి పద్ధతి.

ఇందుకు విరివిగా వాడే లైబ్రరీ బుల్‌ఎమ్‌క్యూ. రెడిస్ ఉంటే చాలు, వేరే బ్రోకర్ అక్కరలేదు. వాయిదా, ప్రాధాన్యం, పునఃప్రయత్నం వంటి వసతులు ఇందులో ఉన్నాయి. ఈ గుణాలను కాదనలేం. అయితే "క్యూలో వేశాం కాబట్టి పని ఒక్కసారి, తప్పక జరుగుతుంది" అనే నమ్మకం మాత్రం సరికాదు.

కారణం గమనించండి. వర్కర్ పనిని తీసుకున్నప్పుడు దానిపై ఒక లాక్ వేస్తుంది. మనం మార్చకపోతే దాని గడువు 30 సెకన్లు. పని సాగుతున్నంతసేపు వర్కర్ ఆ గడువును పొడిగిస్తూ ఉండాలి. పీడీఎఫ్ తయారీ థ్రెడ్‌ను అంతకంటే ఎక్కువసేపు పట్టి ఉంచితే పొడిగింపు జరగదు. పని నిలిచిపోయిందని భావించి క్యూ దానిని మరో వర్కర్‌కు ఇస్తుంది. మొదటిది ఇంకా నడుస్తూనే ఉంటుంది! రసీదు రెండుసార్లు వస్తే చికాకు. డబ్బు రెండుసార్లు కోత పడితే నష్టం.

రెండవ లోపం సౌలభ్యంలోనే దాగి ఉంది. క్యాష్ కోసం ఉన్న రెడిస్‌నే క్యూకూ వాడుకుందామనిపిస్తుంది. మెమరీ నిండినప్పుడు పాత కీలను తొలగించేలా దానిని అమర్చి ఉంటే, క్యూలోని పనులూ చెరిగిపోవచ్చు. క్యూకు వాడే రెడిస్‌లో "నోఎవిక్షన్" విధానమే ఉండాలి. అలాగే, మనం సంఖ్య చెప్పకపోతే విఫలమైన పనిని బుల్‌ఎమ్‌క్యూ మళ్లీ ప్రయత్నించదు.

వీటిని బట్టి లైబ్రరీని తోసిపుచ్చనవసరం లేదు. భారమైన లెక్కలను ప్రత్యేక ప్రాసెస్‌కు అప్పగించండి. ప్రతి చెల్లింపుకు ఒక విశిష్ట సంఖ్యనిచ్చి, అదే సంఖ్య రెండోసారి నమోదు కాకుండా డేటాబేస్‌లో నిబంధన పెట్టండి. ఒకే పని రెండుసార్లు నడిచినా ఫలితం మారకుండా రాయవలసిన బాధ్యత క్యూది కాదు, మీదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మెయిల్ పంపిన తరువాత, "పంపాను" అని నమోదు చేసేలోపే వర్కర్ ఆగిపోయింది. ఇప్పుడేమవుతుంది? రసీదు రెండుసార్లు అందడం, అసలు అందకపోవడం - ఈ రెండింటిలో మీరు దేనిని ఎంచుకుంటారు? ఎందుకు?