ఆట నుండి అంగడి నేర్వవలసినది

ఆన్‌లైన్ ఆటల వేదికల నుండి చిల్లర వర్తక సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న వాదం తరచుగా పాయింట్లు, బహుమతి చక్రాలు, తరిగిపోయే గడియారాల దగ్గరే ఆగిపోతున్నది. ఇవి కొనుగోలుదారుని తొందరపెట్టే సాధనాలు. భారతదేశంలో 2023 నాటి వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపూరిత పద్ధతులలో కృత్రిమమైన తొందర ఒకటి. ఆటల రంగమూ నిర్దోషి కాదు: ఫోర్ట్‌నైట్‌లో అనుకోని కొనుగోళ్లు జరిగేలా మీటలను అమర్చిందన్న అభియోగంపై ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2022లో అంగీకరించింది.

నేర్వదగిన పాఠం స్టీమ్‌లో ఉన్నది. అక్కడ ప్రతి సమీక్ష పక్కన, రాసినవారు ఆ ఆటను ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. అభిప్రాయంతోపాటు దాని ఆధారమూ చదువరికి అందుతుంది. అంగడి సాఫ్ట్‌వేర్ వేసే ‘ధ్రువీకృత కొనుగోలు’ ముద్ర కొన్నట్లు మాత్రమే రుజువు చేస్తుంది, వాడినట్లు కాదు. కుక్కరు వాడకాన్ని గంటలలో లెక్కించలేము, ఇంటిలోనికి తొంగిచూడనూ కూడదు. కానీ కొన్న ఎన్నాళ్లకు సమీక్ష రాశారో చూపవచ్చు. ఆ రెండు తేదీలూ సాఫ్ట్‌వేర్ వద్ద ఉన్నవే. మూడవ రోజున వచ్చిన ప్రశంసకూ, మూడవ ఏట వచ్చిన ప్రశంసకూ ఒకే విలువ కట్టే సగటు నక్షత్రాలు కొనుగోలుదారుని వివేచనకు తోడ్పడవు.