నమూనా విమర్శ: స్టీవీ రే వాన్ ‘టెక్సాస్ ఫ్లడ్’ పునర్విడుదల

5.4.1 నేపథ్యం

రికార్డింగును విమర్శకుడు ఎలా వినాలో గత భాగంలో తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ సూత్రాలను ఒక సంపుటికి అన్వయించి చూద్దాం.

స్టీవీ రే వాన్ 1954లో అమెరికాలోని డాలస్‌లో జన్మించాడు. బ్లూస్ సంగీతాన్ని రాక్ ఉద్ధృతితో వాయించిన గిటారు కళాకారుడు. బేస్ గిటారుపై టామీ షానన్, డ్రమ్స్‌పై క్రిస్ లేటన్ సహకరించేవారు. ఈ బృందం పేరు ‘డబుల్ ట్రబుల్’. వీరి తొలి ఆల్బమ్ ‘టెక్సాస్ ఫ్లడ్’ 1983లో వెలువడింది. వాన్ 1990లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. ఆల్బమ్‌కు 30 ఏళ్లు నిండిన సందర్భంగా 2013లో దానిని రెండు డిస్కులుగా మళ్లీ విడుదల చేశారు. మొదటి డిస్కులో స్టూడియో రికార్డింగు, రెండవ దానిలో 1983 అక్టోబరు 20న ఫిలడెల్ఫియాలోని రిప్లీస్ మ్యూజిక్ హాల్‌లో జరిగిన కచేరీ ఉన్నాయి.

5.4.2 పరిశీలన

స్టూడియోలో పుట్టేది చెక్కిన శిల్పం, వేదికపై పుట్టేది ఆశువు అని సాధారణంగా అంటారు. ఈ సంపుటి విషయంలో ఆ మాట నిలుస్తుందా?

1982 నవంబరులో గాయకుడు జాక్సన్ బ్రౌన్ లాస్ ఏంజిలస్‌లోని తన స్టూడియోను ఈ బృందానికి ఉచితంగా ఇచ్చాడు. మూడు రోజుల వ్యవధిలో పని ముగిసింది. వేదికపై వాయించినట్లే ముగ్గురూ కలిసి వాయించారు. నమూనా టేపుగా మొదలైన ఆ పనే తర్వాత ఆల్బమ్ అయింది. అంటే మొదటి డిస్కు కూడా ఒక విధంగా కచేరీయే. శ్రోతలు లేని కచేరీ. కాబట్టి రెండు డిస్కులకూ అసలు తేడా శ్రోతల ఉనికిలో ఉందని గ్రహించాలి.

శీర్షిక గీతాన్ని రెండు డిస్కులలోనూ వినండి. లారీ డేవిస్ 1958లో రికార్డు చేసిన నెమ్మదైన బ్లూస్ ఇది. స్టూడియోలో వాన్ దీనిని సుమారు ఐదు నిమిషాలలో ముగిస్తాడు. గొంతు ఆగిన చోట గిటారు బదులిస్తుంది, అవసరమైనంతే మాట్లాడుతుంది. కచేరీలో నిడివి పెరుగుతుంది. శ్రోతల ఉత్సాహం వాద్యకారుణ్ణి ముందుకు తోస్తుంది. ఉద్ధృతి కావాలనుకునేవారికి రెండవదే నచ్చవచ్చు. కానీ దుఃఖాన్ని అదుపులో పెట్టి చెప్పడం బ్లూస్ లక్షణమనుకుంటే మొదటిదే మేలని ఈ విమర్శ అభిప్రాయం.

అయితే కచేరీ డిస్కు మరొక సంగతిని బయటపెడుతుంది. ఆల్బమ్‌లో జిమీ హెండ్రిక్స్ రచన ఒక్కటీ లేదు. కచేరీలో ‘వూడూ చైల్డ్’, ‘లిటిల్ వింగ్’, ‘థర్డ్ స్టోన్ ఫ్రమ్ ది సన్’ వినిపిస్తాయి. ఈ మూడూ విన్నాక ఆల్బమ్‌లోని ‘టెస్టిఫై’కి తిరిగి వెళ్లండి. ఇస్లీ బ్రదర్స్ 1964లో చేసిన ఆ పాటలో గిటారు వాయించింది యువకుడైన హెండ్రిక్సే. స్టూడియోలో చాటుగా ఉన్న గురుఋణం వేదికపై బాహాటమైంది. రెండు డిస్కులను కలిపి ఇవ్వడం వల్ల కలిగిన నిజమైన ప్రయోజనం ఇదే.

5.4.3 లోపం

ఆల్బమ్ పదవ రచన ‘లెన్ని’తో ముగుస్తుంది. భార్య పేరు పెట్టిన ఈ వాద్యరచనలో మాటలు లేవు, ఆర్భాటం లేదు. అంత హోరు తర్వాత వచ్చే ఆ నెమ్మదే ఆల్బమ్‌కు ముగింపు. పునర్విడుదలలో దాని వెంటనే అప్పట్లో పక్కన పెట్టిన ‘టిన్ పాన్ ఆలీ’ని చేర్చారు. అది మంచి రికార్డింగే. కచేరీ డిస్కులోనూ ఆ పాట ఉంది కనుక పోల్చడానికి ఉపయోగపడుతుంది. కానీ ఉన్న చోటు సరైనది కాదు. మరణించిన కళాకారుడు తన కూర్పును కాపాడుకోలేడు. ఆ బాధ్యత ప్రచురణకర్తది. వారు మరచినప్పుడు శ్రోత వహించాలి. కనుక పదవ రచన అయ్యాక డిస్కును ఆపి, కాసేపు ఊరుకోండి. పదకొండవదాన్ని మరో రోజు వినండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈ సంపుటిలో స్టూడియో, కచేరీ రికార్డింగుల మధ్య ప్రధాన భేదం ఏమిటి?
2. శీర్షిక గీతం విషయంలో విమర్శకుని తీర్పుతో మీరు ఏకీభవిస్తారా? రెండు రూపాలనూ విని, కారణాలతో పది వాక్యాలలో రాయండి.