చెల్లని అణువులు - తొలగిన వరుసలు

మైలవరములోని ఒక ఉన్నత పాఠశాల హాజరుపట్టీలో ఒక బాలుని పేరు తప్పుగా వ్రాయబడినదనుకొందము. ఉపాధ్యాయుడు పేరును దిద్దునే గాని ఆ వరుసను కొట్టివేయడు. రసాయన పట్టికలను కంప్యూటరుచే చదివించునపుడు ఈపాటి జాగ్రత్త తరచు లోపించుచున్నది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు కూర్చి, 2018లో ప్రకటించిన మాలిక్యూల్‌నెట్ సంకలనమును చూడుడు. ఏ సమ్మేళనములు రక్తమునుండి మెదడులోనికి ప్రవేశింపగలవో తెలుపు పట్టిక అందొకటి. చెదరియున్న సమాచారమును ఒకచోట చేర్చి, ఎల్లరకు ఉచితముగా నిచ్చిన ఆ కృషి మెచ్చదగినదే. కాని అందలి 2050 వరుసలలో 11 చెల్లవు.

అణునిర్మాణమును అక్షరముల వరుసగా వ్రాయు స్మైల్స్ పద్ధతిని డేవిడ్ వైనింగర్ 1988లో ప్రకటించెను. పట్టికలోని అణువులు ఈ పద్ధతిలోనే వ్రాయబడినవి. ఆ 11 వ్రాతలయందును ఒక నత్రజనికి నాలుగు బంధములుండియు ధనావేశము చూపబడలేదు. అమ్మోనియాలో నత్రజనికి మూడు బంధములనియు, అమ్మోనియం అయానులో నాలుగనియు, అందుకే ఆ అయానుకు ధనావేశము కలదనియు విద్యార్థులెరుగుదురు. ఆర్.డి.కిట్ అను ఉచిత సాధనము ఇట్టి వ్రాతను నిరాకరించి, అణువునకు బదులు 'ఏమియు లేదు' అను గుర్తునిచ్చును. అది న్యాయమే.

తప్పు తరువాతి మెట్టులో జరుగును. ఆ గుర్తును గమనింపని ప్రోగ్రాము నడుమ ఆగిపోవును. అది చిన్న నష్టము. అణువుల జాబితానుండి 11 తీసివేసి, ఫలితముల జాబితాను అట్లే యుంచినచో, మొదటి లోపము మొదలు ప్రతి అణువునకు పై వరుసలోని వేరొక అణువు ఫలితము అంటుకొనును. జాబితాలను జతపరచు కొన్ని ఆదేశములు పొడవులు సరిపోకున్నను హెచ్చరింపవు.

రెంటినుండియు తీసివేసి 2039తో సరిపెట్టుకొన్నను చిక్కు తీరదు. తొలగిన వానిలో పెక్కింట గువానిడిన్ భాగము కలదు. అనగా ఒకే కుటుంబమువారిని వెడలగొట్టినట్లయినది! వరుస సంఖ్యను, మూలమునందలి వ్రాతను, నిరాకరణకు కారణమును వేరొక పట్టికలో నిలిపియుంచుట మేలు. ఒక వరుసలో నైట్రో సమూహపు నత్రజనికి ధనావేశము చేర్చినచో చాలును. గువానిడిన్ విషయము అంత సులభము కాదు: ఆవేశము చేర్చవలెనా, ఉదజనిని తీసివేయవలెనా? మూల పరిశోధన పత్రమును చూచి మనుష్యుడే నిర్ణయింపవలెను.

చెల్లిన వరుసలన్నియు సరియైనవనుకొనుటయు పొరపాటే. ఖాళీ వ్రాతను ఆర్.డి.కిట్ పరమాణువులే లేని అణువుగా అంగీకరించును. ఈ పట్టికలోనే 59 నిర్మాణములు మరల మరల వచ్చినవనియు, వానిలో 10 టికి పరస్పర విరుద్ధ ఫలితములున్నవనియు పాట్ వాల్టర్స్ 2023లో చూపెను. వానిలో ఒక్కదానినైనను సాధనము నిరాకరింపదు.