కేంద్రం ఎటుపక్క?

కాకినాడ నుంచి కోల్‌కతాకు తెరచాప పడవ మీద వెళ్దామనుకుంటే దారి తర్వాత చూసుకోవచ్చు, ముందు నెల చూసుకోవాలి. బంగాళాఖాతానికి తుపాను కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. మే, నవంబరు నెలలు రెంటిలోనూ గడ్డువి. నడుమ జూలై, ఆగస్టుల్లో సముద్రం ఎంత పొంగినా పెద్ద తుపాన్లు అరుదు. నైరుతి రుతుపవనం బలంగా ఉన్నప్పుడు కింద గాలి ఒక దిక్కుకు, పై ఎత్తున గాలి దానికి ఎదురు దిక్కుకు వీస్తాయి. ఆ లాగుడులో సుడి నిలువునా ఎదగలేదు. వాయుగుండాలు మాత్రం ఒడిశా, బెంగాల్ తీరాల దగ్గర వరసగా పుడుతూనే ఉంటాయి.

ఈ లెక్క మన కోరంగి, తాళ్ళరేవు ఓడలవాళ్ళకు కొత్త కాదు. అక్కడ కట్టిన కర్ర ఓడలు కలకత్తాకూ రంగూన్‌కూ తిరిగేవి. ఈ తీరం ఉప్పు బెంగాల్‌కు, బెంగాల్ బియ్యం మద్రాసుకు సముద్రం మీదే చేరేవి. పోయేటప్పుడు నైరుతి గాలి, వచ్చేటప్పుడు ఈశాన్య గాలి. తీరం వెంట నీటి ప్రవాహం కూడా గాలికి తోడు దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి పారే నీరు అక్టోబరుకల్లా దక్షిణానికి తిరుగుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఇంటికి తీసుకొచ్చే గాలి మొదలయ్యే రోజులూ, తుపాన్ల రోజులూ ఒకటే.

అందుకే మద్రాసులో సెయింట్ జార్జి కోట జెండా కొయ్యను అక్టోబరు 15న దించేసి, మళ్ళీ డిసెంబరు 15కు గాని ఎత్తేవారు కాదు. ఆ రెండు నెలలూ రేవు ముందు లంగరు వేసి నిలిచిన ఓడకు బీమా చెల్లేది కాదు. కరీబియన్ సముద్రంలో ఇవాళ్టి పద్ధతీ దీనికి దగ్గరదే. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. ఆ ఆరు నెలలూ పడవను గ్రెనడా దాకా దక్షిణానికి దించమనే బీమా కంపెనీలు అక్కడ చాలానే ఉన్నాయి. భూగోళం చుట్టొచ్చిన మన నౌకాదళ పడవ ‘తారిణి’ ప్రయాణం కూడా రుతువు చూసి వేసుకున్నదే. ఆరుగురు మహిళా అధికారులు, వాళ్ళలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి ఒకరు, 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరారు. దక్షిణార్ధగోళానికి వేసవి అయిన జనవరిలో కేప్ హార్న్ దాటారు. తుపానుతో తలపడటం కంటే దాని దారిలో లేకపోవడమే గొప్ప నావికత్వమని నా గట్టి నమ్మకం.

నన్నడిగితే కాకినాడ–కోల్‌కతా ప్రయాణానికి ఫిబ్రవరి రెండో సగం, మార్చి నెల మేలు. ఈశాన్య గాలి సద్దుమణిగి దక్షిణం నుంచి పైరగాలి అందుకుంటుంది, ప్రవాహం కలిసొస్తుంది, తుపాను ఊసు ఉండదు. మార్చి ముదిరేకొద్దీ బెంగాల్ వైపు కాలబైశాఖి మొదలవుతుంది. మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది, సాయంత్రానికి వాయవ్యాన నల్లటి మబ్బు లేచి నిమిషాల్లో ఈదురుగాలి విరుచుకుపడుతుంది. కాబట్టి సాగర్ ద్వీపం దగ్గరికి పొద్దుటిపూట చేరేలా లెక్క వేసుకోవాలి, పోటు మొదలయ్యే వేళకు చేరితే ఇంకా మంచిది. అక్కడి నుంచి కోల్‌కతా రేవులు నది వెంట వంద కిలోమీటర్లకు పైమాటే. డైమండ్ హార్బర్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీరు అయిదు మీటర్ల దాకా లేచి దిగుతుంది. పాటుకు ఎదురు చిన్న పడవ పోలేదు.

నెల ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, కాలం కాని కాలంలో సుడి పుట్టదన్న హామీ లేదు. అప్పుడు కావలసిన విద్య కోల్‌కతాలోనే పుట్టింది.

హెన్రీ పిడింగ్టన్ ఓడ కెప్టెన్‌గా పనిచేసి కలకత్తాలో స్థిరపడ్డ ఇంగ్లిషువాడు. ఓడ ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడయ్యాడు. దెబ్బతిన్న ఓడల లాగ్ పుస్తకాలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఫలానా గంటకు గాలి ఎటునుంచి, పాదరసం ఎంత, ఓడ ఎక్కడ అన్నవి ఒక్కో ఓడ నుంచీ తీసి ఒకే పటం మీద గుర్తులు పెట్టేవాడు. కోరంగిని ముంచిన 1839 నవంబరు తుపాను కూడా ఆయన పరిశీలనకు అందింది. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ గాలికి వెన్నిచ్చి రోజుల తరబడి పరుగెత్తి, తీరా చూసుకుంటే బయల్దేరిన చోటికి దగ్గర్లోనే తేలింది. ఓడ తుపాను చుట్టూ ప్రదక్షిణలు చేసిందన్నమాట. గాలి గుండ్రంగా తిరుగుతోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? 1848లో పిడింగ్టన్ నావికుల కోసం అచ్చువేసిన ‘సెయిలర్స్ హార్న్ బుక్’లోనే సైక్లోన్ అన్న పేరు లోకానికి అందింది. పుస్తకంతోపాటు అవతలివైపు కనిపించేంత పల్చగా చెక్కిన కొమ్ము రేకులు రెండు ఇచ్చేవారు. ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి. వాటి మీద గాలి బాణాలు గుండ్రంగా గీసి ఉంటాయి. రేకును పటం మీద పెట్టి, తన ఓడ ఉన్న చోట బాణం తనకు వీస్తున్న గాలి దిక్కుకు కలిసేదాకా జరిపితే, రేకు నడిమి చుక్క ఎక్కడ పడిందో తుపాను కేంద్రం అటువైపే. చదువు అంతగా లేని సరంగుకూ చేతికందే పనిముట్టు అది.

రేకు లేకపోయినా ఒళ్ళే చాలు. మన అర్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడి కుడిచేయి చాపి, కాస్త వెనక్కి తిప్పితే తుపాను కేంద్రం ఆ వైపున ఉంటుంది. తర్వాత గంట గంటకూ గాలి దిక్కు రాసుకోవాలి. ఈశాన్యం నుంచి తూర్పుకు, తూర్పు నుంచి ఆగ్నేయానికి తిరుగుతోందంటే మనం తుపాను దారికి కుడివైపున ఉన్నాం. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే ఎడమవైపున. గాలి ఎటూ తిరక్కుండా బలం పెరిగి, భారమితి పడుతూ ఉంటే తుపాను నేరుగా మన మీదికే వస్తోంది.

కుడివైపు ప్రమాదం ఎక్కువ. అక్కడ సుడిగాలి వేగానికి తుపాను నడక వేగం తోడవుతుంది, పైగా గాలి పడవను తుపాను దారి ముందుకే తోస్తుంది. అక్కడ చిక్కితే తెరచాప బాగా కుదించి, గాలిని కుడి ముందు మూలన పట్టి వీలైనంత దూరంగా జరగాలి. ఎడమవైపునో, నేరుగా దారిలోనో ఉంటే గాలిని కుడి వెనక మూలన పట్టి పరుగెత్తాలి. ప్రపంచమంతా నేర్పే సూత్రమే ఇది, మన తీరానికి మాత్రం దీని మీద ఒక షరతు ఉంది. ఇక్కడికి తుపాన్లు ఎక్కువగా పడమటికో వాయవ్యానికో నడుస్తాయి. కుడివైపు అంటే ఉత్తరం వైపు. అక్కడ గాలి తూర్పు నుంచి ఒడ్డు మీదికి కొడుతుంది. సూత్రం చెప్పినట్టు చేసే పడవకు కూడా ఎడమన ఇసుకతిప్పలు కాచుకుని ఉంటాయి. జరగడానికి సముద్రం ఎంత మిగిలిందో ముందే లెక్కలో లేకపోతే సూత్రం పనికిరాదు.

కాబట్టి ప్రణాళిక అంటే ఆగే చోట్ల జాబితా. తూర్పు తీరంలో అవి తక్కువ, ఎడం ఎక్కువ. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డు ఉంది. అక్కడి నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న విశాఖ రేవుకు, గంటకు అయిదు నాటికల్ మైళ్ళు నడిచే పడవకు పదిహేను గంటల దారి. విశాఖ దాటితే పారాదీప్ దాకా సుమారు 250 మైళ్ళు, రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ. గోపాలపూర్ నడుమ వస్తుంది గాని అది బయటి సముద్రానికి ఎదురుగా ఉన్న రేవు. తుపాను సాధారణంగా అలాంటి పడవ కంటే వేగంగా నడుస్తుంది, దాన్ని పరుగులో గెలవలేం. విశాఖ వదిలేముందు మూడు రోజుల అంచనా నిక్కచ్చిగా చూసుకోవాలని నేననేది అందుకే. భారత వాతావరణ శాఖ సముద్రంలో సుడి పుట్టే అవకాశాలపై ప్రతి గురువారం రెండు వారాల ముందుచూపు కూడా ఇస్తోంది. అంచనాను ఎంత నమ్మాలన్నదానికి అమెరికా నావికుల లెక్క ఒకటి బాగా పనికొస్తుంది. గాలి 34 నాట్లు మించే వలయానికి రేపటికైతే 100 మైళ్ళు, ఎల్లుండికి 200, ఆవలి రోజుకు 300 మైళ్ళు కలుపుకుని ఆ మేర ఖాళీగా వదిలేయాలి.

రేవు చాటు గాలిని ఆపుతుందేమో గాని నీటిని ఆపదు. పిడింగ్టన్ జీవితంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం ఇక్కడే ఉంది. కలకత్తాకు ప్రత్యామ్నాయంగా మాట్లా నది మీద కొత్త రేవు కడదామనుకుంటున్న రోజుల్లో, 1853లో, ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశాడు. తుపాను వస్తే ఉప్పెన ఆ రేవును ముంచుతుందని వివరంగా చెప్పాడు. వినలేదు. ఆయన 1858లో పోయాడు. ఆ చోటే పోర్ట్ క్యానింగ్ కట్టారు, 1867 నవంబరు తుపాను దాన్ని పాడుచేసింది. ఈలోగా 1864 అక్టోబరు 5న హుగ్లీలోకి ఎగదన్నిన ఉప్పెన కలకత్తా ఓడలను లంగర్లతో సహా లాక్కుపోయింది. అదే ఏడు నవంబరు 1న మచిలీపట్నం మునిగింది. ఆ తర్వాతే కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది, 1875లో అదే నగరం కేంద్రంగా వాతావరణ శాఖ పుట్టింది.

ఉపగ్రహం చెప్పేదాకా ఆగనక్కర్లేని గుర్తులూ ఉన్నాయి. అన్నిటికంటే ముందు వచ్చేది అల. గాలి లేకుండానే పొడుగాటి అలలు ఎడంఎడంగా, రోజూ వచ్చే దిక్కు కాని దిక్కు నుంచి వస్తాయి. భారమితిని ఇంకా దగ్గరగా చూడాలి. మన సముద్రాల మీద గాలి ఒత్తిడికి రోజూ రెండు పోట్లు, రెండు పాట్లు. ఉదయం పదికీ రాత్రి పదికీ పెరుగుతుంది, తెల్లవారుజాము నాలుగుకీ సాయంత్రం నాలుగుకీ తగ్గుతుంది. పది గంటల వేళ పెరగాల్సిన ముల్లు పెరగలేదంటే జాగ్రత్త పడాలి. ఆ నెలకు ఉండాల్సిన దానికంటే మూడు మిల్లీబార్లు తగ్గితే దారి మళ్ళించాలి. అయిదు తగ్గితే తుపాను దగ్గర్లోనే ఉందని అర్థం.

ఈ విద్యలో కొంత మన రేవు స్తంభాల మీదా ఉంది. అయిదో నంబరు, ఆరో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పత్రికలు రాస్తాయి. అంకె పెరిగితే ముప్పు పెరిగిందనే చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే, కానీ అందులో దిక్కు కూడా ఉంది. అయిదు అంటే తుపాను దారికి రేవు ఎడమన ఉంటుంది, ఆరు అంటే కుడిన, ఏడు అంటే రేవు మీదుగానో పక్కనుంచో దాటుతుంది. తీవ్ర తుపానుకు ఎనిమిది, తొమ్మిది, పది అంకెలదీ ఇదే వరస. 1977 నవంబరు 19న తుపాను చీరాల వైపు తీరం దాటితే దివిసీమ కుడిపక్కన పడింది, ఉప్పెన అక్కడే ఊళ్ళకు ఊళ్ళను తుడిచేసింది. హెచ్చరిక వార్త పక్కన కుడా ఎడమా అన్న ఒక్క మాట అచ్చువేయమని పత్రికలను నేను అడుగుతున్నాను. మచిలీపట్నంలో తొమ్మిది, నిజాంపట్నంలో ఎనిమిది ఎగరేశారంటే తుపాను ఆ రెంటి నడుమ దాటబోతోందని, తన పడవను ఏ మొగలోంచి లోపలికి తోలాలో, ఏ మొగను వదిలేయాలో గట్టున నిలబడ్డ సరంగు తనే లెక్క కట్టుకుంటాడు.