ఇద్దరు నరసమ్మల రేడియో

జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. గాలి తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు స్టేషన్ పెట్టుకునే వీలు 2006లో గాని రాలేదు. అప్పటిదాకా ఈ రేడియోను నడిపే దళిత మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాటలూ ముచ్చట్లూ క్యాసెట్లకెక్కించి తమ మహిళా సంఘాల సమావేశాల్లో వినిపించారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ పట్టుదలే.

స్టేషన్‌ను నిలబెట్టింది జనరల్ నరసమ్మ, అల్గోల్ నరసమ్మ. రికార్డర్ పట్టుకుని చేనుకే వెళ్లడం వాళ్ల పద్ధతి. జొన్నలో కంది ఎందుకు కలిపావు, విత్తనాలకు బూడిద ఎంత పట్టించావు, బుట్ట మూతికి పేడతో ఎలా అలికావు? ఇలాంటి ప్రశ్నలు అడగాలంటే చేను తెలిసుండాలి. జవాబు చెప్పే ముసలమ్మ యాసను ఎవరూ దిద్దరు. ఆమె ఆగి ఆలోచించుకుంటే మైకూ ఆగుతుంది.

పొలం పనులు తీరాక, రాత్రి ఏడింటికి ఎఫ్.ఎం. 90.4లో ప్రసారం. పరిధి చుట్టుపక్కల పల్లెలే. ఆ నేలకు పనికొచ్చే మాట ఆ పల్లెల్లోనే ఉందని వీళ్లకు బాగా తెలుసు.