కన్యాశుల్కంలో అధికారం: బండివాడి ప్రశ్న

'కన్యాశుల్కం' అనగానే సంఘసంస్కరణ నాటకం అని ఒక్క ముక్కలో రాసేయడం మనకు అలవాటు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దీన్ని బాగా పెంచి, తిరగరాసి వెలువరించారు. ఈ భాగంలో దీన్ని అధికారం మీదా అవినీతి మీదా వ్యంగ్యంగా చదువుదాం. భాష ఉత్తరాంధ్రది, ముదిగుబ్బ, ధర్మవరం వైపు చెవులకు మొదట కొత్తగా ఉంటుంది. పైకి చదవండి, నాలుగు పేజీలకే అలవాటవుతుంది.

ఒక చిన్న సంగతి చూడండి. బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి రెండు గంటలు ఉపన్యాసమిచ్చానని గిరీశం చెబుతాడు. అంతా విన్న బండివాడు, తమ ఊరి హెడ్ కానిస్టేబుల్‌కు బదిలీ ఎప్పుడని అడిగాడట. గిరీశానికి అది మూర్ఖత్వం. మనమూ నవ్వుతాం. కానీ ఆ నవ్వు ఎవరి మీద?

నాటకం సాగేకొద్దీ జవాబు తెలుస్తుంది. లుబ్ధావధానులు డబ్బిచ్చి తెచ్చుకున్న పెళ్లికూతురు నిజానికి ఆడవేషంలో ఉన్న కుర్రవాడు. వాడు మాయం కాగానే ముసలాయన మీద హత్యానేరం పడుతుంది. ఆయన భయమే హెడ్ కానిస్టేబుల్‌కూ రామప్పంతులుకూ రాబడి. అప్పుడు తెలుస్తుంది, బండివాడు తెలివితక్కువవాడు కాడని. అతనికి ప్రభుత్వమంటే కంటికి కనిపించే ఆ హెడ్ కానిస్టేబులే. ఉపన్యాసం ఆ మనిషి దాకా రాలేదు.

ఇంకో మెట్టు ఎక్కుదాం. ఆడపిల్లకు ధర కట్టిన లోకంలోనే సాక్ష్యానికీ ధర ఉంది. పిల్లను కొన్న లుబ్ధావధానులే ఆ రెండో బజారులో చిక్కుకుంటాడు. కన్యాశుల్కమూ లంచమూ వేరువేరు జబ్బులు కావని నాటకం చూపుతుంది.

అయితే ఒక పరిమితి కూడా గమనించాలి. ముసలాయన బయటపడింది వ్యవస్థ మారినందువల్ల కాదు. మధురవాణి తెలివి వల్ల, సౌజన్యారావు పంతులు మంచితనం వల్ల. నిజాయితీపరుడైన వకీలుకు తెలియని నిజం, ఆయన గడప తొక్కనివ్వని వేశ్యకు తెలుసు. హెడ్ కానిస్టేబుల్ సంగతి మాత్రం తేలలేదు. బండివాడి ప్రశ్న అలాగే మిగిలింది.

అభ్యాసం: మీ ఊళ్లో 'ప్రభుత్వం' అంటే ముందుగా గుర్తొచ్చే మనిషి ఎవరు? ఆ మనిషిని తలచుకుంటూ బండివాడి ప్రశ్నను పది వాక్యాల్లో సమర్థించండి లేదా ఖండించండి. గైడు చూడకండి, ఈ జవాబు అందులో దొరకదు.